పుల్లరి ఎవరిది? కావలి పడమటి మెట్టలో మేత చరిత్ర

కావలిలో పశువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు మాటలు జంటగా వినపడతాయి. బ్రెజిల్ దేశపు మందల్లో ఎక్కువ భాగం నెల్లూరు గిత్తల సంతానమేనన్నది మొదటిది. ఆ గిత్తలు మా ఉదయగిరి కొండల కింద బీళ్లలో మేసి పెరిగినవేనన్నది రెండోది. మొదటి మాటకు కాగితాల మీద ఆధారాలున్నాయి. రెండోదానికి ఊరి మీద అభిమానమే ఆధారం. ఈ రెండింటి మధ్య ఎంత ఎడముందో చూద్దామని మొదలుపెట్టిన వెతుకులాట ఆవు దగ్గర ఆగలేదు. గొర్రె దగ్గరికి వెళ్లింది, అక్కడి నుంచి గడ్డి దగ్గరికి వెళ్లింది. ఈ మెట్ట చరిత్రలో పశువు ఎవరిదన్న తగువుకన్నా, అది మేసిన గడ్డికి ఎవరు ఎవరికి కట్టాలన్న తగువే ఎక్కువ జాడలు వదిలింది.

ముందు నేల సంగతి. కావలి నుంచి కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి పోయే దారి వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరంలోనే నేల మూడు నాలుగు సార్లు మారుతుంది. సముద్రం పక్క ఇసుక, ఉప్పు కయ్యలు. రైలు కట్ట దాటాక చెరువుల కింద, పెన్న నీరు తెచ్చే కాలువ కింద వరి. జలదంకి దాటి పైకి పోయేకొద్దీ ఎర్రనేల, గరప, మధ్యమధ్య పొగాకు బ్యారన్లు. ఆ పైన రాళ్ల గుట్టలు, చిల్లకంప, చివరికి ఆకాశానికి అడ్డంగా గోడ కట్టినట్టు వెలిగొండలు. భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు పట్టీ అని పిలిచే పాత రాళ్ల వరస ఈ దారి కిందే ఉంది. అందులో ఒక భాగానికి వింజమూరు పేరు, మరో భాగానికి ఉదయగిరి పేరు పెట్టుకున్నారు. దానికి పడమటగా కడప రాతి వరసకు చెందిన గట్టి క్వార్ట్‌జైటు కొండలు నిలబడ్డాయి. గట్టి రాయి అరగదు కాబట్టి కొండ నిటారుగా ఉంటుంది. దాని పాదంలో మట్టి పలచన. వాన పడితే నీరు నిలవదు, వాగుల్లో పడి పోతుంది.

వాన కూడా ఇక్కడ వేళ తప్పి వస్తుంది. రాష్ట్రంలో చాలా చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసేదే అసలు వాన. నెల్లూరు జిల్లాలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో పడుతుంది. తీరంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన కొండ దగ్గరికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. కాబట్టి మెట్టలో గడ్డి కార్తీకంలో మొలిచి మాఘానికి ఎండుతుంది. సరిగ్గా ఆ ఎండే వేళకే కింద మాగాణిలో వరి కోతలు మొదలవుతాయి. పైన గడ్డి అయిపోయినప్పుడు కింద మోడు దొరుకుతుంది, కింద నాట్లు పడినప్పుడు పైన గడ్డి మొలుస్తుంది. మేత పంచాంగం ఇలా ఉన్న చోట పశువు ఒకచోట కట్టేసి ఉండదు. కంచె వేసి, ఒక యజమాని ఒకే చోట మందను మేపుకునే పద్ధతి, సినిమాల్లో మనం చూసే అమెరికా పశువుల క్షేత్రం లాంటిది, ఇక్కడ ఎందుకు పుట్టలేదో చెప్పడానికి నాకు ఈ పంచాంగమే మొదటి ఆధారం.

రాతలో దొరికే ఆధారాలు ఎక్కడ మొదలవుతాయి? కందుకూరు పేరు అద్దంకి శాసనంలో ఉంది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు క్రీ.శ. 848 ప్రాంతంలో వేయించిన ఈ తెలుగు శాసనం, అతను బోయల కొట్టాలు పన్నెండింటిని గెలిచాడనీ, కందుకూరును బెజవాడంత చేశాడనీ చెబుతుంది. కొట్టం అనగానే మన చెవికి పశువుల కొట్టం తోస్తుంది. పన్నెండు పశువుల కొట్టాలు గెలిచాడంటే ఇదంతా పశువుల సీమేనని చెప్పేయాలనిపిస్తుంది. ఆ ఆశను ఆపుకోవాలి. ఆ కాలపు వాడుకలో కొట్టం అంటే కోట, కోట కింద ఉండే ప్రాంతం అని కూడా అర్థం. యుద్ధ విజయం చెప్పే చోట ఆ అర్థమే ఎక్కువ పొసగుతుంది. ఒక మాట ఈనాటి అర్థాన్ని పట్టుకుని వెయ్యేళ్ల వెనక్కి పోవడం స్థానిక చరిత్ర రాసేవాళ్లకు తరచూ తగిలే దెబ్బ. కావలి అన్న పేరు కూడా అలాంటిదే. ఉదయగిరి రాజ్యానికి కాపలా కాసిన చోటు కాబట్టి కావలి అయిందని అందరం చెప్పుకుంటాం. చెప్పుకోవడానికి బాగుంటుంది. పేరు అర్థమవుతుంది కనుక కథ నిజమే అయివుంటుందని అనుకోవడం ఆధారం కింద రాదు.

పశువుల విషయంలో శాసనాలు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇచ్చే చోటు వేరే ఉంది. గుళ్లో అఖండ దీపానికి ఆవులనో గొర్రెలనో దానం చేసిన శాసనాలు కోస్తా అంతటా ఉన్నాయి. దీపానికి యాభై, యాభై ఐదు గొర్రెలు, లేదా పాతిక ఆవులు. ఆ మందను ఒక గొల్లకు అప్పగిస్తారు. అతను రోజుకింత అని కొలిచి నెయ్యి గుడికి పోయాలి. గొర్రె చస్తుంది, పిల్ల పుడుతుంది, గుడి లెక్కలో మాత్రం సంఖ్య మారదు. తమిళ శాసనాలు దీనికి ముచ్చటైన పేరు పెట్టాయి, చావని ముదియని గొర్రెలని. ఈ ఏర్పాటులో మంద అసలు, నెయ్యి వడ్డీ. చావు నష్టం కాపరిది, పుట్టుక లాభమూ కాపరిదే. బ్యాంకు లేని కాలంలో గుడి డబ్బును కొండ కింద మేతకు తోలారన్నమాట. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి మూడు సంపుటాలుగా అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాలను దేవుళ్ల కోసం, రాజుల కోసం చదివినవాళ్లు చాలామందే ఉన్నారు. మంద కోసం చదివినవాళ్లు తక్కువ.

ఇక కాటమరాజు. ఈ ప్రాంతపు మేత చరిత్రలో ఇంతకన్నా పెద్ద పేరు లేదు. గొల్లల వీరగాథ అయిన ఈ కథాచక్రాన్ని కొమ్ముల వారు తరతరాలుగా పాడుతూ వచ్చారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఆ పాఠాలను సేకరించి పరిశోధించి ప్రచురించారు. కథ స్థూలంగా ఇది. కనిగిరి సీమలో కరువు వచ్చింది. కాటమరాజు మందలను దక్షిణానికి, నెల్లూరు పాలకుడు నల్లసిద్ధి ఏలుబడిలోని బీళ్లకు తోలాడు. ఇద్దరికీ ఒడంబడిక కుదిరింది. గడ్డికి బదులు ఆ ఏడు పుట్టిన కోడెదూడలను రాజుకు ఇవ్వాలి, రాజు మందలకు రక్షణ ఇవ్వాలి. రాజు మనుషుల వల్ల మందకు హాని జరిగింది. రక్షణ లేనప్పుడు పుల్లరి లేదన్నాడు కాటమరాజు. పాలేరు ఒడ్డున యుద్ధం జరిగింది. సిద్ధి వైపు నుంచి వచ్చిన ఖడ్గతిక్కన, మహాభారతం రాసిన తిక్కన సోమయాజి వంశంవాడే, ఆ యుద్ధంలో పడిపోయాడు.

ఇది 13వ శతాబ్దపు సంఘటన అని మామూలుగా రాస్తారు. కానీ ఆ రాజు ఎవరన్న దగ్గరే పండితులు ఏకీభవించరు. తిక్కన కొలువున్న మనుమసిద్ధి ఒకరు, కథలోని నల్లసిద్ధి ఒకరు, ఇద్దరినీ ఒకరిని చేస్తే కొన్ని లెక్కలు కుదరవు, వేరు చేస్తే మరికొన్ని కుదరవు. మనకు దొరికే పాఠాలు యుద్ధానికి చాలా తర్వాతివి. శ్రీనాథుడు కాటమరాజు కథ రాశాడన్న ప్రతీతిని ఒప్పుకున్నా అతను కూడా ఒకటిన్నర శతాబ్దం తర్వాతివాడే. అందుకని ఈ కథను నేను యుద్ధానికి సాక్ష్యంగా తీసుకోను. ఒడంబడికకు సాక్ష్యంగా తీసుకుంటాను. పాడేవాడు రాజు పేరు మార్చవచ్చు, చచ్చినవాళ్ల సంఖ్య పెంచవచ్చు. వినే గొల్లలకు తెలిసిన మేత షరతులను మాత్రం మార్చలేడు, మారిస్తే కథ నమ్మరు. కోడెదూడలే ఎందుకు ఇవ్వాలి? పెయ్య మందను పెంచుతుంది, కోడె పెంచదు. కాపరికి మిగులు అయినదే రాజుకు అరక, బండి, సైన్యపు మోత. ఇద్దరికీ గిట్టే బేరం అది. కరువులో మంద దక్షిణానికి రావడం, దానికి షరతులుండటం, షరతులో రక్షణ కూడా భాగం కావడం, ఈ మూడూ వినేవాళ్లకు మామూలు సంగతులు అయివుండాలి. ఆ మేరకే నమ్ముతాను. ఆ మేర చిన్నదేమీ కాదు.

పుల్లరి అన్న మాటను బ్రౌన్ తన 1852 నిఘంటువులో మేత పన్ను అన్న అర్థంతోనే ఎక్కించాడు. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. ఈ మాట మనకు మళ్లీ తగులుతుంది.

ఉదయగిరి దుర్గం గురించి మన పుస్తకాల్లో రాజకీయ చరిత్ర పుష్కలంగా ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి 1515లో కొత్త గుడిలో ప్రతిష్ఠించాడు. మేత చరిత్రకు పనికొచ్చేది ఇందులో ఒక్కటే, దారి. కొన్నాళ్ల తర్వాత విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, రాయలు ఏడాదిన్నర అక్కడే కూర్చుని, బండలు పగలగొట్టించి కొండల్లో కొత్త బాటలు వేయించాకే కోట లొంగిందని రాశాడు. సైన్యం నడవడానికి బండలు కొట్టాల్సి వచ్చిందంటే, ఉన్న కొద్ది బాటలు ఎంత ఇరుకో, వాటిని పట్టుకున్నవాడికి ఎంత బలమో అర్థమవుతుంది. కడప వైపు నుంచి సముద్రానికి దిగే సరుకు, పశువు అన్నీ ఆ సందుల్లోంచే రావాలి. సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న ఆ దుర్గం మీది నుంచి తూర్పుగా చూస్తే మెట్ట అంతా అరచేతిలా పరుచుకుని ఉంటుంది. పుల్లరి వసూలు చేసేవాడికి అంతకన్నా మంచి మంచె ఏముంటుంది అనిపిస్తుంది. ఇది నా ఊహ, దీన్ని ఆధారాల జాబితాలో వేయకండి.

ఆ సందుల్లోంచి పైకి పోయిన సరుకుల్లో ముఖ్యమైనది ఉప్పు. తీరంలో ఇస్కపల్లి వంటి చోట్ల పండిన ఉప్పును గాడిదల మీద, పెరికె ఎద్దుల మీద వేసుకుని లంబాడీలు, ఎరుకలు లోపలి ఊళ్లకు మోసేవారు, తిరుగు మోతలో ధాన్యం తెచ్చేవారు. బాట పొడుగునా ఆ పశువులకు మేత కావాలి కనుక వీళ్లు కూడా బీళ్ల మీద హక్కుదారులే, ఏ లెక్కలోనూ రాయని హక్కుదారులు. రైలు, ఉప్పు మీద సర్కారు పెత్తనం, 1876–78 నాటి మహాకరువు వాళ్ల బతుకు దెబ్బతీశాయి. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ వరసను ఎరుకల విషయంలో వివరంగా చూపించారు. వ్యాపారం పోయినవాళ్లు తిరుగుతూ ఉండటమే నేరమైంది. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తించాక, ఆ దశకంలోనే కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటు వచ్చింది. కావలి అన్న పేరుకు కాపలా అర్థం వెతికేవాళ్లు ఈ కాపలాను ఎందుకో గుర్తుచేసుకోరు.

సరిగ్గా ఇదే కాలంలో కొండకు కంచె పడింది. 1882 మద్రాసు అటవీ చట్టం కింద వెలిగొండ, నల్లమల వాలులు రిజర్వు ఫారెస్టులయ్యాయి. అప్పటిదాకా పైరు నేలమీద ఉన్నన్నాళ్లు పనిలేని పశువులను కాపరులకు అప్పగించి కొండకు తోలే రైతుకు ఇప్పుడు పర్మిట్టు కావాలి, తలకింత రుసుము కట్టాలి. మేక అడుగుపెట్టకూడని బ్లాకులు వేరు, ఎద్దుకు వీలున్నవి వేరు. తప్పిన పశువు బందెల దొడ్డికి పోతుంది. కాగితం మీద దీని పేరు గ్రేజింగ్ ఫీజు. జనం నోట మాత్రం పాత పేరే, పుల్లరి. 1921–22లో పల్నాడులో ఈ పుల్లరి మీద తిరుగుబాటు లేచింది. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. కాటమరాజు గుర్తొస్తాడు. పోలిక మరీ లాగకూడదు, ఏడు వందల ఏళ్ల తేడా ఉంది, కులాలూ కారణాలూ వేరు. కానీ ఒక తేడాను మాత్రం గట్టిగా చెప్పొచ్చు. పాత పుల్లరిలో వసూలు చేసేవాడి మీద కూడా ఒక బాధ్యత ఉన్నట్టు కథ చెబుతోంది. కొత్త పుల్లరిలో ఆ రెండో భాగం చట్టంలోంచే జారిపోయింది.

కొండ ఇలా కంచె లోపలికి పోతే, కింద మెట్ట ఏమైంది? రెవెన్యూ కాగితంలో దానికి చుక్కలు పెట్టారు. బ్రిటిషు వాళ్ల రీసెటిల్‌మెంటు రిజిస్టరులో ప్రతి సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరో, ప్రభుత్వం అన్న మాటో రాయాలి. ఏదీ తేల్చుకోలేని చోట గుమాస్తా వరసగా చుక్కలు పెట్టి ముందుకు పోయాడు. వందేళ్ల తర్వాత ఆ చుక్కల్లో సాగు చేసుకుంటున్నవాళ్లు అమ్ముకోలేక, రిజిస్టరు చేయించుకోలేక నలిగిపోయారు. దీనికి 2017లో ఒక చట్టం వచ్చింది. 2023 మే 12న చుక్కల భూములకు హక్కులిచ్చే కార్యక్రమాన్ని అప్పటి ముఖ్యమంత్రి కావలిలోనే ప్రారంభించారు. రాష్ట్రం మొత్తం మీద సుమారు 2.06 లక్షల ఎకరాలు, 97 వేల పైచిలుకు రైతులు అని ప్రభుత్వం చెప్పిన లెక్క. సాగు చేసుకున్నవాడికి హక్కు రావడం న్యాయమే. పరిశోధకుడిగా నాకు ఆసక్తి కలిగించేది మాత్రం ఆ చుక్క. చుక్క పెట్టినంత మాత్రాన అది ఎవరూ వాడని నేల అని కాదు. ఏడాదిలో నాలుగు నెలలు ఒక మంద, రెండు నెలలు ఇంకో మంద, తొలకరికి ఒక రైతు విత్తే జొన్న, ఇన్ని వాడకాలను ఒకే గడిలో ఒకే పేరు కింద రాయమంటే ఏ గుమాస్తా అయినా ఏం చేస్తాడు? ప్రతి చుక్క వెనకా మేత ఉందని నేను అనను. సర్వే గడికి, మెట్ట వాడుకకు పొత్తు కుదరలేదనడానికి మాత్రం ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు.

ఇప్పుడు మొదటి మాట దగ్గరికి, బ్రెజిల్ గిత్త దగ్గరికి వద్దాం. బ్రెజిల్ వాళ్లు చెప్పుకునే చరిత్ర ప్రకారం 1868లో ఒక ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జంట అక్కడ అమ్ముడుపోయింది. 1878లో లెంగ్రూబర్ అనే రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలలో ఈ జాతిని చూసి తెప్పించుకున్నాడు. ఆ తర్వాత దిగుమతులు పెరిగాయి. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు పోతూ ఆంట్‌వెర్ప్ రేవులో దిగిన పశువులతో బెల్జియంలో ముసర రోగం వ్యాపించింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 1924లో పుట్టడానికి ఆ గొడవే కారణం. 1960–62 మధ్య వచ్చిన చివరి పెద్ద దిగుమతిలో కరవది అన్న పేరుతో ఒక ప్రసిద్ధ గిత్త ఉంది. కరవది ఒంగోలు పక్క ఊరు. ఈరోజు బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా ఉన్న పశువుల్లో అధిక భాగం నెలోర్ రక్తం ఉన్నవే. వియాటినా-19 అనే ఆవు 1,101 కిలోల బరువు తూగి, 2023 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ పలికింది.

ఈ నెలోర్ పేరు మన నెల్లూరే. అయితే ఏ నెల్లూరు? ఓడ సాల్వడార్ చేరిన 1868లోనూ, బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చు వేయించిన 1873లోనూ ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడ్డాకే అది వేరు పడింది. 1970లో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా ప్రకాశం జిల్లాకు పోయాయి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వచ్చింది. జిల్లా గీత ఇన్నిసార్లు జరిగితే పశువు పేరు పశువు పుట్టిన నేలను చూపదు, ఆ ఏటి పటాన్ని చూపుతుంది. జాతి గట్టిగా ఉన్న చోట్లుగా పశువైద్య రచనలు చెప్పేవి ఒంగోలు, కందుకూరు, అద్దంకి, నరసరావుపేట వంటి నల్లరేగడి ఊళ్లు. అక్కడ జొన్న చొప్ప ఉంది, దూడను ఇంటి బిడ్డలా సాకే రైతు ఉన్నాడు, అన్నిటికీ మించి ఆంబోతు ఉంది. ఇంటి పెద్ద పోయినప్పుడు ఆయన పేరు మీద మంచి కోడెను ఎంచి అచ్చు వేసి ఊరికి వదిలేవారు. అది ఎవరి చేలో పడినా కొట్టకూడదు. పనిపాటా లేకుండా తిరిగేవాణ్ణి అచ్చోసిన ఆంబోతు అని తిట్టడం మన అలవాటు కానీ, ఆ ఆంబోతుకు ఊళ్లో పెద్ద పనే ఉండేది. ఊరి ఖర్చుతో, ఎంచిన విత్తనంతో జాతిని నిలబెట్టిన ఏర్పాటు అది. గరపనేల మెట్టలో ఆ ఏర్పాటుకు కావలసిన చొప్ప పండదు. కాబట్టి ఉదయగిరి బీళ్లలోంచి బ్రెజిల్‌కు గిత్తలు పోయాయనడం కన్నా, రేగడి ఊళ్ల గిత్తలకు నెల్లూరు జిల్లా చిరునామా పడిందనడమే ఆధారాలకు దగ్గర.

దీనికి ఒక చిన్న సవరణ చేయాలి. కొండాపురం మండలం చింతలదేవిలో, అంటే రేగడికీ కొండకూ మధ్యలో, పశు క్షేత్రం ఉంది. దేశంలో రెండే జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రాలుంటే, ఉత్తరాదిది మధ్యప్రదేశ్‌లోని ఇటార్సిలో, దక్షిణాదిది ఇక్కడ పెట్టారు. కంచె, ఒకే యజమాని, పశువుకో నంబరు, మేత పొలాలు, అన్నీ ఉన్నాయి. ఈ మెట్టలో అసలైన పశు క్షేత్రం అంటూ ఒకటి ఉంటే అది సర్కారుదే. చుట్టూ బీళ్లలో మేసే ఆవులకు దాని కంచె లోపలికి దారి లేదు.

కొండ కింద మెట్టకు నిజంగా తనదైన జంతువు గొర్రె. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. దేశంలోకెల్లా పొడుగైన గొర్రె జాతి అని దీనికి పేరు. పొడుగు కాళ్లకు కారణం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, రోజంతా నడిచే జంతువది. తెల్లగా ఉంటే పల్ల, ఎర్రగా ఉంటే దొర, తెల్లటి ఒంటి మీద కంటి చుట్టూ, దవడ కింద, పొట్ట మీద నల్ల చారలుంటే జోడిపి. పొట్టేలుకు కొమ్ములుంటాయి, గొర్రెకు సాధారణంగా ఉండవు. చాలావాటికి గొంతు కింద రెండు చిన్న తోలు తిత్తులు వేలాడుతుంటాయి. 2019 పశుగణన ఆధారంగా కేంద్రం వేసిన జాతుల లెక్కలో దేశవాళీ గొర్రెల్లో ఐదో వంతు నెల్లూరు జాతివే, మొదటి స్థానం దీనిదే. బ్రెజిల్ గిత్తకు వచ్చిన కీర్తిలో వందో వంతు కూడా దీనికి రాలేదు. గొర్రెను చూసి గర్వపడటం మనకు ఇంకా అలవాటు కాలేదు.

మంద మేస్తే కొండ పాడవుతుందన్న వాదన అటవీ చట్టం నాటి నుంచీ ఉంది. దానికి ఆధారాలు లేవనను. చిగురు తినే మేక, గొడ్డలి పట్టిన కాపరి, పొగాకు బ్యారనుకు కట్టె, అన్నీ కలిసి కొండను పలచన చేశాయి. కానీ ఎదురు ఆధారం కూడా ఒకటి ఇదే కొండల వరసలోంచి వచ్చింది. కలివికోడి అనే పిట్టను 19వ శతాబ్దంలో నెల్లూరు, కడప కొండల నుంచి సైన్యపు వైద్యుడు జెర్డన్ సేకరించాడు. తర్వాత అది అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. జగన్నాథన్, అతని సహచరులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ పిట్ట ఎక్కువగా కనిపించేది హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోట. అంతకన్నా చిక్కనైతే నడవలేదు, మరీ పలచనైతే దాక్కోలేదు. అడవిని పూర్తిగా మూసేసినా, పూర్తిగా వదిలేసినా ఆ మధ్య రకం నిలవదు. ఒక పిట్టను పట్టుకుని మేత విధానం రాయలేం. కానీ ఎంత మేత, ఏ నెలలో, ఎక్కడ అని అడగకుండా మేత మంచిదా చెడ్డదా అని అడగడం తప్పు ప్రశ్న అని ఆ లెక్క గట్టిగానే చెబుతోంది.

ఒక ఫిబ్రవరి సాయంత్రం జలదంకి వైపు, కోత అయిన వరి మళ్లలో ఒక మంద దిగింది. ఒకప్పుడు తడికెలు మోసుకొచ్చి దొడ్డి కట్టేవాళ్లు, ఇప్పుడు నీలం నైలాను వల. నాలుగు గుంజలు పాతి వల చుట్టేసరికి పావుగంట పట్టలేదు. చీకటి పడే ముందు ఒక్కొక్క గొర్రెనే సందులోంచి వదులుతూ పెద్దాయన లెక్క వేసుకున్నాడు. మధ్యలో ఒక పిల్లను పట్టుకుని గిట్టల మధ్య ఇరుక్కున్న ముల్లు పంటితో లాగి ఉమ్మేశాడు. కొండ కింది ఊరి నుంచి వచ్చామన్నాడు, పైన గడ్డి అయిపోయిందట. రాత్రంతా మంద ఒక మడిలో పడుకుంటే ఆ మడికి ఎరువు. మర్నాడు వల పక్క మడికి జరుగుతుంది.

“పొలం గలాయనకు మీరేమైనా కట్టాలా, మేసినందుకు?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “మేం కట్టేదేంది సామీ? ఆయనే మాకు వడ్లిస్తాడు, రాత్రికింత అని. కొండ మీదికి పోతేనే మేం కట్టేది.”

వల ముడి మరోసారి బిగించి చూసుకుని, గుంజ పక్కనే గొంగడి పరుచుకున్నాడు.